విద్యుత్ తీగలపై గృహ నియంత్రణ సంకేతాలు

ఇంటి గోడల్లో అప్పటికే ఉన్న కరెంటు తీగల మీదుగా దీపాలకు, ఫ్యాన్లకు, ఇతర పరికరాలకు ఆజ్ఞలు పంపే విధానం ఇది. వాడుకలో పవర్‌లైన్ క్యారియర్ అంటారు. కొత్తగా తీగలు లాగే పని లేదు, గోడలు తవ్వే పని లేదు. ప్లగ్గు ఉన్న ప్రతి గదికీ దారి సిద్ధంగా ఉంటుంది. 1970ల చివర్లో ఇది అమెరికాలో సామాన్యుల ఇళ్ళకు చేరింది. సుమారు పాతికేళ్ళ పాటు అక్కడ గృహ నియంత్రణ అంటే చాలామందికి ఇదే. 'ఒకసారి పనిచేస్తుంది, ఒకసారి చెయ్యదు' అన్న చెడ్డపేరు కూడా ఆ రోజుల్లోనే వచ్చింది. ఆ చెడ్డపేరులో పరికరాల వాటా కన్నా ఇంటి వైరింగు వాటా ఎక్కువ. బటన్ నొక్కినా దీపం వెలగకపోతే సంకేతం పంపే పెట్టెకు బలం చాలలేదనుకుంటారు. చాలాసార్లు పెట్టె నిక్షేపంగా ఉంటుంది. అది పంపిన సంకేతాన్ని దారిలో మరేదో పరికరం మింగేస్తుంది. అందుకే సంకేతాన్ని మెరుగుపరచడమంటే ముందు ఆ మింగే పరికరాన్ని పట్టుకోవడం.

పుట్టుక

కరెంటు తీగ మీద కబురు పంపాలన్న ఆలోచన ఇళ్ళలో పుట్టింది కాదు. యూరప్‌లో విద్యుత్ సంస్థలు 1930ల నుంచే కొన్ని వందల హెర్ట్జ్‌ల సంకేతాన్ని సరఫరాతో పాటే పంపి, వీధి దీపాలను, రాత్రి చౌక రేటు మీద నడిచే నీళ్ళ హీటర్లను ఒక్కచోటు నుంచి వేసి ఆర్పేవి. హైటెన్షన్ లైన్ల మీద ఒక సబ్‌స్టేషన్ నుంచి మరో సబ్‌స్టేషన్‌కు ఫోను మాటలు పంపడం అంతకన్నా పాతది. మన ఊళ్ళ శివార్లలోని 132, 220 కిలోవోల్టుల సబ్‌స్టేషన్లను గమనిస్తే, లైను లోపలికి దిగే చోట పీపాలాంటి పెద్ద తీగచుట్ట వేలాడుతూనో, ఇన్సులేటర్ మీద నిలబడో కనిపిస్తుంది. దాని పేరు వేవ్ ట్రాప్. 50 హెర్ట్జ్‌ల కరెంటును అది పోనిస్తుంది. ఆ కరెంటు మీద ఎక్కి వచ్చిన ఎక్కువ పౌనఃపున్యపు సంకేతం మాత్రం సబ్‌స్టేషన్ యంత్రాల్లోకి జారిపోకుండా ఆపుతుంది. ఇంట్లో గుప్పెట్లో పట్టే ఫిల్టరు చేసేదీ సరిగ్గా ఇదే పని. ఆ ఫిల్టరు దగ్గరికి మళ్ళీ వస్తాం.

ఇంటి మట్టుకు మొదట చెప్పవలసిన పేరు ఎక్స్-10. స్కాట్లండ్‌లోని గ్లెన్‌రోథెస్‌లో పీకో ఎలక్ట్రానిక్స్ అనే చిన్న సంస్థ కాలిక్యులేటర్ చిప్పులు తయారుచేసేది. తన ప్రాజెక్టులకు వరసగా ఎక్స్-1, ఎక్స్-2 అని నంబర్లు వేసుకునేది. తొమ్మిదోది, కావలసిన పాటను ఎంచుకుని వాయించే టర్న్‌టేబుల్. బీఎస్ఆర్ అనే బ్రిటిష్ రికార్డు ప్లేయర్ల కంపెనీ కోసం చేశారు. దూరం నుంచి పాట మార్చగలిగినప్పుడు దీపం మాత్రం ఎందుకు ఆర్పలేం అన్న ఆలోచనతో 1975లో పదోది మొదలైంది. ప్రాజెక్టు నంబరే సరుకు పేరైపోయింది. 1978లో అమెరికాలో రేడియో షాక్, సియర్స్ దుకాణాలకు వచ్చింది. బటన్ల పెట్టె ఒకటి, దీపాలకు ఒక రకం మాడ్యూలు, మిగతా పరికరాలకు మరో రకం. మాడ్యూలంటే గోడ సాకెట్‌కూ దీపం ప్లగ్గుకూ మధ్య దూర్చే ప్లాస్టిక్ దిమ్మ. దాని ముఖాన చిన్న స్క్రూడ్రైవరుతో తిప్పే చక్రాలు రెండు. ఒకటి ఇంటి అక్షరానికి, మరొకటి పరికరం నంబరుకు. అక్షరాలు ఏ నుంచి పీ వరకు పదహారు, నంబర్లు పదహారు, వెరసి 256 చిరునామాలు. 1980 జనవరి బైట్ పత్రికలో స్టీవ్ సియార్సియా దీన్ని ఇంటి కంప్యూటరుతో నడిపే తీరు వివరించాడు. దాంతో ఇది కంప్యూటర్ సరదా ఉన్నవాళ్ళ ఆటవస్తువు కూడా అయింది.

సున్నా దాటే చోట

సంకేతం ఎందుకు పోతుందో తెలియాలంటే అది ఎలా నడుస్తుందో కాస్త దగ్గరగా చూడాలి. ఏసీ వోల్టేజి ప్రతి ఆవృత్తిలో రెండుసార్లు సున్నాను దాటుతుంది. అమెరికాలో సెకనుకు 60 ఆవృత్తులు, అంటే 120 సున్నాలు. ఎక్స్-10 చెప్పేదంతా ఈ సున్నాల దగ్గరే చెబుతుంది. వోల్టేజి సున్నా దాటగానే 120 కిలోహెర్ట్జ్ సంకేతాన్ని ఒక మిల్లీసెకను పాటు తీగ మీదికి వదులుతుంది. ఆ కాస్త వ్యవధిలో 120 అలలు పడతాయి. ఒక సున్నా దగ్గర సంకేతం ఉండి తర్వాతి సున్నా దగ్గర లేకపోతే ఆ బిట్టు 1. ముందు లేక తర్వాత ఉంటే 0. ప్రతి బిట్టునూ ఒకసారి సూటిగా, ఒకసారి తిరగేసి చెప్పడమన్నమాట. మధ్యలో దూరిన రొద ఈ జతను చెడగొడితే, తప్పు జరిగిందని వినే మాడ్యూలుకు తెలిసిపోతుంది.

సున్నానే ఎంచుకోవడానికి కారణాలు రెండు. పంపేదానికీ వినేదానికీ మధ్య గడియారం కలవాలి. కరెంటు అల ఇంటినిండా ఒక్కటే కనుక ఉచితంగా దొరికే గడియారం అదే. రెండోది, వోల్టేజి సున్నాలో ఉన్న వేళ పరికరాలు లాగే కరెంటూ తక్కువ, చేసే రొదా తక్కువ. సంతలో బేరాలు ఆగిన క్షణం చూసుకుని మాట చెప్పడం లాంటిది.

ఒక ఆజ్ఞ పూర్తి కావడానికి ఎంత సేపు పడుతుందో లెక్క కట్టవచ్చు. ప్రారంభ సంకేతానికి రెండు ఆవృత్తులు, ఇంటి అక్షరానికి నాలుగు, నంబరుకు ఐదు, మొత్తం పదకొండు. దాన్ని వెంటనే మరోసారి చెబుతుంది, ఇరవై రెండు. మూడు ఆవృత్తుల విరామం. ఆ తర్వాత 'వెయ్యి' లేదా 'ఆర్పు' అన్న ఆజ్ఞకు ఇంకో ఇరవై రెండు. కలిపితే 47 ఆవృత్తులు, అమెరికాలో దాదాపు 0.8 సెకను. బటన్ నొక్కాక దీపం వెలిగేలోపు ఒక్క ఊపిరి పీల్చినంత ఆలస్యం కనిపించడం అందుకే. తొలినాటి మాడ్యూళ్ళు వినడమే తప్ప బదులు చెప్పేవి కావు. కబురు చేరిందో లేదో పంపిన పెట్టెకు తెలియదు, దీపాన్ని చూసి మనం తెలుసుకోవాలి.

పంపే పెట్టె వదిలే సంకేతం సుమారు 5 వోల్టులు. వినే మాడ్యూలుకు కనీసం 100 మిల్లీవోల్టుల దాకా కావాలి. అంటే దారిలో యాభయ్యో వంతుకు పడిపోయినా ఫర్వాలేదు. కాగితం మీద ఇది బోలెడంత వెసులుబాటు. మామూలు ఇంట్లో అంతా కరిగిపోతుంది.

మింగేవి, అరిచేవి

మొదటి చిక్కు అమెరికా ఇళ్ళ వైరింగులోనే ఉంది. వీధి ట్రాన్స్‌ఫార్మర్ నుంచి ఇంటికి రెండు లైవ్ తీగలు, ఒక న్యూట్రల్ వస్తాయి. ఏ లైవ్‌కైనా న్యూట్రల్‌కూ మధ్య 120 వోల్టులు, రెండు లైవ్‌ల మధ్య 240. మెయిన్ బోర్డులో సర్క్యూట్లు రమారమి సగం ఒక లైవ్ మీద, సగం రెండో లైవ్ మీద పడతాయి. వంటింట్లో నొక్కిన బటన్ మొదటి లైవ్ మీద ఉండి, పడకగది దీపం రెండోదాని మీద ఉందనుకుందాం. సంకేతం వీధి దాకా వెళ్ళి, ట్రాన్స్‌ఫార్మర్ చుట్టల్లో దూరి, రెండో తీగ మీద వెనక్కి రావాలి. అంత చుట్టూ తిరిగి ఇల్లు చేరేసరికి దానిలో మిగిలేది కొద్దిగానే.

దీని ఆనవాలు తమాషాగా ఉంటుంది. పడకగది దీపం పగలంతా మాట వినదు. రాత్రి వంట వేళకు ఎలక్ట్రిక్ స్టవ్వు వేయగానే బుద్ధిగా వింటుంది. స్టవ్వు చల్లారాక మళ్ళీ మొండికేస్తుంది. స్టవ్వు 240 వోల్టుల పరికరం, దాని వేడి తీగ రెండు లైవ్‌ల మధ్య బిగించి ఉంటుంది. స్టవ్వు వెలిగినంతసేపూ సంకేతానికి అదే వంతెన. బట్టలారబెట్టే డ్రయ్యర్ తిరిగినప్పుడూ ఇంతే. ఇలాంటి ఇంట్లో ఇంకే పరీక్షా అక్కర్లేదు, జబ్బు పేరు తెలిసినట్టే.

రెండో చిక్కు కెపాసిటర్లు. టీవీలు, కంప్యూటర్లు, వాటికి రక్షణగా పెట్టే స్పైక్ గార్డులు, యూపీఎస్‌లు, వీటన్నిటిలో కరెంటు వచ్చే చోట లైవ్‌కూ న్యూట్రల్‌కూ మధ్య చిన్న కెపాసిటర్ ఉండడం మామూలు. పరికరం చేసే రొద బయటికి పోకూడదని తయారీదారు పెట్టేది. మంచి ఉద్దేశమే, కానీ ఎక్స్-10 సంకేతం దాని కంటికి రొదలాగే కనిపిస్తుంది. 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ 60 హెర్ట్జ్ కరెంటుకు 26,500 ఓముల అడ్డు. ఉందా లేదా అన్నట్టు ఉంటుంది. 120 కిలోహెర్ట్జ్ దగ్గర అదే కెపాసిటర్ 13 ఓములు. 120 వోల్టుల మీద వెలిగే 60 వాట్ల పాతకాలపు బల్బు 240 ఓములు. అంటే ఆర్పేసిన టీవీ ఒక్కటి సంకేతం లెక్కలో పద్దెనిమిది బల్బులంత భారం. కెపాసిటర్ 0.47 మైక్రోఫారడ్ అయితే 2.8 ఓములే, ఎనభై అయిదు బల్బులు. అలాంటివి నాలుగైదు ఒకే స్ట్రిప్పుకు తగిలించి, ఆ పక్క సాకెట్లోనే మాడ్యూలు పెట్టి, అది పనిచేయడం లేదని విసుక్కోవడం ఎన్నో ఇళ్ళలో జరిగిన కథ.

తీగ పొడవు కూడా కొంత తింటుంది. గోడలో పక్కపక్కన నడిచే రెండు తీగలు ఈ పౌనఃపున్యం దగ్గర మీటరుకు సుమారు అర ఓము అడ్డు చూపుతాయి. పదిహేను మీటర్లకు ఏడెనిమిది ఓములు. దీనికో మంచి వైపూ ఉంది. మింగే పరికరం పదిహేను మీటర్ల అవతల ఉంటే, మధ్యలో ఉన్న ఆ ఏడెనిమిది ఓములు దాని నోటికి కొంత అడ్డం పడతాయి. పంపే పెట్టె పక్కనో, వినే మాడ్యూలు పక్కనో ఉన్నదే ఎక్కువ హాని చేస్తుంది. అందుకే కొన్నిసార్లు ఏమీ కొనకుండా, టీవీని మరో సర్క్యూట్‌కు మార్చినా సరిపోతుంది.

మూడోది రొద. సీఎఫ్ఎల్ దీపాల ఎలక్ట్రానిక్ బల్లాస్టులు, ఫోను ఛార్జర్లు, నాసిరకం ఎల్ఈడీ డ్రైవర్లు పదుల కిలోహెర్ట్జ్‌ల వేగంతో కరెంటును తెంచి కలుపుతుంటాయి. 40 కిలోహెర్ట్జ్ దగ్గర నడిచే బల్లాస్టు మూడో హార్మోనిక్ ఖచ్చితంగా 120 మీద కూర్చుంటుంది. మీడియం వేవ్‌లో ఆకాశవాణి వింటుండగా పక్కగదిలో దీపం వేయగానే రేడియో గరగరమన్న అనుభవం ఉన్నవారికి ఇది కొత్త కాదు. కరెంటు తీగల మీదే మాట పంపే పాతకాలపు ఇంటర్‌కమ్ పెట్టెలు మరీ దారుణం. అవి మాట్లాడినంతసేపూ ఆపకుండా ఇదే దారిని ఆక్రమిస్తాయి.

మింగేదానికీ అరిచేదానికీ తేడా పట్టుకునే చిట్కా ఒకటుంది. అరిచేది వేసి ఉన్నప్పుడే అరుస్తుంది. మింగేది ప్లగ్గులో ఉంటే చాలు, స్విచ్చు ఆర్పినా మింగుతూనే ఉంటుంది, దాని కెపాసిటర్ సాధారణంగా స్విచ్చుకు ముందే ఉంటుంది కనుక. కాబట్టి పరికరాన్ని ఆర్పి చూడడం చాలదు, ప్లగ్గు పీకి చూడాలి.

వెతకడం

ఖరీదైన మీటరు లేకుండానే ఈ వెతుకులాట సాగించవచ్చు. ఒక మాడ్యూలు, దానికో చిన్న దీపం చేతపట్టుకోవాలి. ఇంకొకరు మెయిన్ బోర్డుకు దగ్గరి సాకెట్‌లో పంపే పెట్టె పెట్టి, పది సెకన్లకోసారి వేస్తూ ఆర్పుతూ ఉండాలి. దీపంతో గది గదికీ తిరిగి, ప్రతి సాకెట్‌లో గుచ్చి చూసి, విన్నదీ విననిదీ కాగితం మీద రాసుకోవాలి. బోర్డులో ఏ బ్రేకరు ఏ సాకెట్‌కు వెళ్తుందో పక్కన రాసుకుంటే పటం తయారవుతుంది. విననివన్నీ ఒకే లైవ్ మీద ఉంటే కావలసింది వంతెన. అన్నీ ఒకే సర్క్యూట్‌లో ఉంటే ఆ సర్క్యూట్‌లో ఎవరో మింగుతున్నారు. ఒక పద్ధతి లేకుండా చెదురుమదురుగా ఉంటే, లేదా సాయంత్రం మాత్రమే వస్తే, రొదను అనుమానించాలి.

తర్వాత బ్రేకర్లు. పంపే పెట్టె, పరీక్ష దీపం ఉన్న సర్క్యూట్లు తప్ప మిగతావన్నీ ఆర్పేసి చూస్తే దీపం వినాలి. వినకపోతే తప్పు ఆ రెంటిలోనే. ఇక ఒక్కొక్క బ్రేకరూ వేస్తూ పోవాలి. ఏది వేయగానే దీపం మొరాయించిందో ఆ గదికి వెళ్ళి, అక్కడి ప్లగ్గులు ఒక్కొక్కటీ పీకాలి. నేరస్తుడు చాలాసార్లు ఊహించనిదై ఉంటుంది: అటక మీద మరిచిపోయిన ఛార్జరు, గ్యారేజీలో తలుపు తెరిచే మోటారు. ఓపికతో చేసే పని ఇది. తొందరపడి మూడు పరికరాలు ఒకేసారి కొనుక్కొచ్చినవాళ్ళకు ఏది పనిచేసిందో చివరిదాకా తెలియదు.

వంతెన, కట్ట, రిపీటరు

రెండు లైవ్‌ల మధ్య సంకేతానికి దారి వేసే పరికరాన్ని ఫేజ్ కప్లర్ అంటారు. సారాంశంలో అది ఒక కెపాసిటర్. 60 హెర్ట్జ్ కరెంటుకు గోడ, 120 కిలోహెర్ట్జ్ సంకేతానికి తలుపు. రెండు పోళ్ళ బ్రేకరుకు తగిలించి మెయిన్ బోర్డులో బిగిస్తారు. ఒకప్పుడు ఉత్సాహవంతులు డ్రయ్యర్ ప్లగ్గులో 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ దూర్చి సొంతంగా చేసుకునేవారు. ఈ సరదా మంచిది కాదు. రెండు లైవ్‌ల మధ్య నిరంతరం 240 వోల్టులు భరించాలి. అందుకోసం ప్రత్యేకంగా ధ్రువీకరించిన కెపాసిటర్ కాకపోతే కాలుతుంది, దాన్ని ఆపే ఫ్యూజూ ఉండదు. ఎలక్ట్రీషియన్ చేత, ఆమోదముద్ర ఉన్న పరికరంతోనే చేయించాలి.

మింగేవాటికీ అరిచేవాటికీ మందు ఒక్కటే, ఫిల్టరు. సబ్‌స్టేషన్ పీపా ఇక్కడ చిన్న ఛోక్‌గా కనిపిస్తుంది. 100 మైక్రోహెన్రీల ఛోక్ 60 హెర్ట్జ్ దగ్గర 0.04 ఓము కూడా ఉండదు, టీవీకి తెలియనే తెలియదు. 120 కిలోహెర్ట్జ్ దగ్గర 75 ఓములు. టీవీ ముందు దాన్ని పెడితే, బయటి సంకేతం లోపలి కెపాసిటర్‌లోకి జారదు, లోపలి రొద బయటికి రాదు. ఒక్కో పరికరానికో ఫిల్టరు అనవసరం. టీవీ, దాని చుట్టూ ఉన్న పెట్టెలన్నీ ఒకే స్ట్రిప్పుకు చేర్చి, స్ట్రిప్పు మొత్తానికీ ఒకటి చాలు. ఫిల్టరు మీద రాసిన ఆంపియర్లు వాటన్నిటి మొత్తానికి మించి ఉండాలి. హీటర్లకు, ఇస్త్రీపెట్టెలకు ఫిల్టరు అక్కర్లేదు, అవి వట్టి తీగలు. ఇక అందరూ చేసే పొరపాటు ఒకటి: పంపే పెట్టెను కూడా అదే స్ట్రిప్పులో గుచ్చడం. ఛోక్ వెనక చిక్కిన పెట్టె ఎంత అరిచినా బయటికి వినపడదు. దాన్ని విడిగా గోడ సాకెట్‌లో పెట్టాలి.

మొత్తం ఇంటికి ఒకే ఫిల్టరు కూడా ఉంటుంది. సర్వీసు తీగ ఇంట్లోకి వచ్చే చోట బిగిస్తారు. వీధి ట్రాన్స్‌ఫార్మర్ కూడా సంకేతాన్ని మింగే పెద్ద నోరే. ఈ ఫిల్టరుతో ఆ నోరు మూసుకుంటుంది. పక్కింటి సంకేతాలు మనింటికి రాకుండానూ ఉంటాయి. అమెరికాలో ఒకే ట్రాన్స్‌ఫార్మర్ కింద కొద్దిపాటి ఇళ్ళే ఉంటాయి. అయినా ఇద్దరు పొరుగువారు చక్రాలను కంపెనీ నుంచి వచ్చినట్టే 'ఏ' అన్న అక్షరం మీద వదిలేస్తే, ఒకరు దీపం ఆర్పితే రెండో ఇంట్లోనూ ఆరుతుంది. ఈ విధానంలో తాళంచెవి లాంటిదేమీ లేదు. చిరునామా తెలిసినవారెవరైనా ఆజ్ఞ పంపవచ్చు.

బలం పెంచడం ఆఖరి మెట్టు. పెద్ద ఇళ్ళకు వంతెనతో పాటు రిపీటరు కూడా కలిసిన పరికరం వాడతారు. ప్రతి మాటనూ రెండుసార్లు చెప్పే అలవాటు ఇక్కడ అక్కరకొస్తుంది. రిపీటరు మొదటి ప్రతి విని, రెండో ప్రతి నడుస్తుండగా దానితో అడుగు కలిపి, తానూ గట్టిగా చెబుతుంది. ఒక ఇంట్లో రెండు రిపీటర్లు పెడితే మాత్రం ఒకదాని మాటను ఒకటి అందుకుని తిప్పుకుంటూ కూర్చునే ప్రమాదం ఉంది. రొద ఉన్న ఇంట్లో రిపీటరు పెట్టడం వల్ల ఒరిగేదీ తక్కువే, పాడైన మొదటి ప్రతిని అది కూడా అర్థం చేసుకోలేదు. కప్లర్, ఫిల్టర్ల తర్వాతే దీన్ని కొనాలనడం అందుకే.

కొత్త ఇళ్ళలో ఇంకో అడ్డంకి వచ్చింది. తీగల్లో నిప్పురవ్వలను కనిపెట్టి ఆపేసే ఆర్క్ ఫాల్ట్ బ్రేకర్లు అమెరికా పడకగదులకు తప్పనిసరయ్యాయి. వాటిలో కొన్ని ఎక్కువ పౌనఃపున్యపు సంకేతాన్ని అణచివేస్తాయి. ప్రాణరక్షణ కోసం పెట్టినదాన్ని దీపం మాట వినడం కోసం తీసేయకూడదు. అలాంటి గదికి రేడియో పద్ధతి చూసుకోవడమే దారి.

తర్వాత వచ్చినవి

ఎక్స్-10 లోపాలు చూసి వచ్చినవాళ్ళు ఒక్కొక్కరు ఒక్కో వైపు నరుక్కొచ్చారు. కాలిఫోర్నియాకు చెందిన పవర్‌లైన్ కంట్రోల్ సిస్టమ్స్ 1999లో తెచ్చిన యూపీబీ 120 కిలోహెర్ట్జ్‌ను పూర్తిగా వదిలేసింది. ఒక్కో అర్ధ ఆవృత్తికి ఒక్క బలమైన పోటు ఇస్తుంది, ఆ పోటు ఏ సమయంలో పడిందన్నదే సమాచారం. ఒక పోటుకు రెండు బిట్లు, సెకనుకు 240. రెండు లైవ్‌ల చిక్కు ఇక్కడ కూడా పూర్తిగా పోలేదు గానీ, పోటు బలం వల్ల చాలా ఇళ్ళలో వంతెన లేకుండానే గట్టెక్కింది. 2005లో వచ్చిన ఇన్‌స్టియాన్ తెలివిగా రెండు పడవల మీదా కాళ్ళు పెట్టింది. 131.65 కిలోహెర్ట్జ్ మీద తీగలోనూ, రేడియోలోనూ ఒకే కబురు పంపుతుంది. విన్న ప్రతి పరికరమూ దాన్ని తిరిగి వినిపిస్తుంది, చేరాక బదులూ చెబుతుంది. రెండు లైవ్‌ల మధ్య వంతెన పని రేడియో చూసుకుంటుంది. ఆ సంస్థ సర్వర్లు 2022 ఏప్రిల్‌లో చెప్పాపెట్టకుండా ఆగిపోయాయి, జూన్‌లో వినియోగదారుల బృందమొకటి కొనుక్కుని మళ్ళీ నడిపింది. ఆ మధ్యకాలంలోనూ ఇంట్లో స్విచ్చుకూ స్విచ్చుకూ మధ్య మాటలు సాగాయి. తీగకూ సర్వరుకూ సంబంధం లేదు కదా.

యూరప్‌లో 3 నుంచి 148.5 కిలోహెర్ట్జ్ వరకు ఉన్న మేరను నియమాలతో పంచారు. 95 లోపు విద్యుత్ సంస్థలకు, ఆపైది ఇళ్ళకు. కేఎన్ఎక్స్ అనే గృహ నియంత్రణ ప్రమాణపు పవర్‌లైన్ రూపం 110 కిలోహెర్ట్జ్ మీద నడుస్తుంది. ఇంకో దిక్కున హోమ్‌ప్లగ్ కూటమి 2001లో సెకనుకు 14 మెగాబిట్లు, 2005లో 200 మెగాబిట్లు పంపే ప్రమాణాలు తెచ్చి, దీపాల నుంచి ఇంటర్నెట్‌కు దారి మళ్ళించింది. ఇవి మెగాహెర్ట్జ్‌లలో నడుస్తాయి, ఎన్నో ఉపవాహకాల మీద సమాచారాన్ని విడదీసి పంచుతాయి, రొద ఉన్నవాటిని వదిలేసి మిగతావాటిని వాడుకుంటాయి. అయినా స్పైక్ గార్డులో గుచ్చితే వేగం పడిపోవడం, గోడ సాకెట్‌లో గుచ్చితే కోలుకోవడం వీటికీ తప్పలేదు.

మన ఇళ్ళలో

ఈ విధానం ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఇళ్ళలో పెద్దగా పాదుకోలేదు. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో పాత ఇల్లు కొనుక్కున్న తెలుగువారికి గోడలో ఇలాంటి స్విచ్చు తగిలే అవకాశమే ఎక్కువ. మన దగ్గర ఎవరైనా ప్రయత్నిస్తే చిక్కుల స్వరూపం వేరుగా ఉంటుంది. మూడు ఫేజుల కనెక్షన్ ఉన్న ఇంట్లో దాటవలసిన గట్లు ఒకటి కాదు, మూడు. ఎక్స్-10 రూపకర్తలు దీన్ని ఊహించారు. ప్రతి అర్ధ ఆవృత్తిలోనూ సంకేతాన్ని మూడుసార్లు, మూడు ఫేజుల సున్నాలకు సరిపోయేలా పంపే ఏర్పాటు అందులో ఉంది. అయితే అది పనికొచ్చేది ఫేజుల మధ్య కప్లర్ ఉన్నప్పుడే. మన ట్రాన్స్‌ఫార్మర్ల కింద ఇళ్ళూ ఎక్కువే. అపార్ట్‌మెంటు మొత్తం ఒక్కదాని మీదే నడిచే చోట పదహారు అక్షరాలు ఏ మూలకు?

ఇన్వర్టరు మరో మలుపు. కరెంటు పోగానే ఇంట్లో కొన్ని దీపాలు, ఫ్యాన్లు బ్యాటరీ మీదికి మారతాయి. ఆ తీగలు అప్పుడు సరఫరా నుంచి తెగిపోయిన వేరే దీవి. పంపే పెట్టె ఇన్వర్టరు లైను మీద లేకపోతే దాని మాట అక్కడికి చేరదు. చౌక ఇన్వర్టర్లు ఇచ్చే చదరపు అలలో సున్నా దాటడం ఒక్కసారిగా, రొదతో జరుగుతుంది, ప్రశాంతమైన క్షణమన్నదే ఉండదు. ఒక్క విషయంలో మాత్రం మన వైరింగుది పైచెయ్యి. అమెరికా పాత ఇళ్ళ స్విచ్చు పెట్టెల్లో న్యూట్రల్ తీగ లేనివి కోకొల్లలు. అందుకే అక్కడి గోడ మాడ్యూళ్ళు తమకు కావలసిన కరెంటును బల్బులోంచే లాక్కునేవి, ఎల్ఈడీలు వచ్చాక ఆర్పినా మిణుకుమనేవి. మన స్విచ్‌బోర్డులో స్విచ్చుల పక్కనే సాకెట్ ఉంటుంది కనుక న్యూట్రల్ అక్కడే ఉంటుంది. ఇప్పటి వైఫై స్విచ్చులు మన బోర్డుల వెనక సులువుగా ఇమడడానికి అదే కారణం.

వైఫై, జిగ్‌బీ, జడ్-వేవ్ రేడియోలు వచ్చాక కొత్త ఇళ్ళలో దీపాల ఆజ్ఞలు తీగ దిగి గాలిలోకి వెళ్ళిపోయాయి. హోమ్‌ప్లగ్ కూటమి 2010లో తక్కువ కరెంటుతో నడిచేలా రూపొందించిన గ్రీన్ ఫై అనే రూపం మాత్రం అనుకోని చోట స్థిరపడింది. సీసీఎస్ రకం ఫాస్ట్ ఛార్జర్ల తుపాకిని విద్యుత్ కారుకు తగిలించగానే బ్యాటరీ ఎంత నిండింది, ఎన్ని వోల్టులు కావాలి అన్న సంభాషణ కారుకూ ఛార్జరుకూ మధ్య మొదలవుతుంది. మన రహదారుల పక్కన ఉన్న సీసీఎస్-2 ఛార్జర్లలోనూ ఇదే భాష. ఆ మాటలు నడిచేది వందల వోల్టులు మోసే లావు తీగల మీద కాదు, వాటి పక్కనే ఇచ్చిన సన్నని పైలట్ తీగ మీద.